మళ్లీ మౌత్ ఆర్గాన్ అందుకునేవారికి: ట్రెమలో, పది రంధ్రాలది, క్రొమాటిక్‌లలో ఏది?

చిన్నప్పుడు మౌత్ ఆర్గాన్ వాయించి, ఆ తర్వాత చదువులు, ఉద్యోగాల మధ్య దాన్ని ఏ సొరుగులోనో వదిలేసినవారు చాలామంది ఉంటారు. మళ్లీ మొదలుపెడదామని వెతికితే ముందు ఎదురయ్యేది అయోమయం. ఒకటి అరచేతిలో ఇమిడిపోయేంత పొట్టిది, దానికి పది రంధ్రాలే. ఇంకొకటి జానెడు పొడవు, రెండు వరుసల రంధ్రాలు. మరొకదానికి చివర ఒక బటన్. పేర్లేమో డయాటోనిక్, ట్రెమలో, క్రొమాటిక్, ఆక్టేవ్. ధరలకు ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. ఏది మంచిదని నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వీటిలో ఒకటి కింది తరగతి, మరొకటి పై తరగతి అనేది లేదు. ట్రెమలోతో మొదలుపెట్టి, డయాటోనిక్‌కు ఎదిగి, చివరికి క్రొమాటిక్‌కు చేరుకోవాలన్న మాట తరచూ వినిపిస్తుంది. దాన్ని నమ్మి నచ్చిన వాద్యాన్ని పక్కన పెట్టినవారిని చూస్తే బాధ కలుగుతుంది. ఇవి మూడూ వేరువేరు వాద్యాలు. ఊదేదీ పీల్చేదీ ఒకే ఊపిరి, లోపల కంపించేది ఒకే తరహా ఇత్తడి రీడు, అంటే సన్నని లోహపు నాలుక. అయినా ఒకదాని మీద పలికేది మరొకదాని మీద పలకదు. అందుకే ఎంపిక మీ చెవితో మొదలవ్వాలి. పాట వరుసను నిండుగా, తేలిగ్గా వాయించుకోవాలా? ఒక్క స్వరాన్నే సాగదీసి, జార్చి, మాట్లాడించాలా? ఏ పాటైనా, ఏ రాగమైనా స్వరం తప్పకుండా పలికించాలా? ఈ మూడు కోరికలకు మూడు వాద్యాలు ఉన్నాయి.

ట్రెమలో: పాత జ్ఞాపకంలో ఉన్నది బహుశా ఇదే

రెండు వరుసల రంధ్రాలు, పొడవాటి ఆకారం, ఊదగానే అలలుగా వణికే నాదం. మీ జ్ఞాపకంలో ఇది ఉంటే అది ట్రెమలో. సాధారణంగా 21 లేదా 24 జతల రంధ్రాలతో వస్తుంది. ఒక్కో జతలో పైన ఒక రీడు, కింద ఒక రీడు ఒకే స్వరాన్ని పలుకుతాయి, కానీ వాటి శ్రుతిని కావాలనే కొద్దిగా ఎడంగా పెడతారు. ఉదాహరణకు పై రీడు సెకనుకు 440 సార్లు, కింది రీడు 444 సార్లు కంపిస్తే, రెండూ కలిసినప్పుడు నాదం సెకనుకు నాలుగుసార్లు పెరిగి తగ్గుతుంది. ఆ వణుకు వాయించేవారి ఊపిరిలో ఉండదు, వాద్యం తయారీలోనే ఉంటుంది. ఎడం ఎక్కువైతే వణుకు వేగం పెరుగుతుంది, తక్కువైతే నెమ్మదిగా తేలుతుంది. రెండు ట్రెమలోలు పక్కపక్కన పెట్టి విన్నప్పుడు ఒకటి గరుకుగా, మరొకటి మృదువుగా అనిపించడానికి ముఖ్యమైన కారణం ఇదే.

దీని మీద తొలి రోజే పాట వినిపించడానికి ఇంకో కారణం ఉంది. ఊదే స్వరం, పీల్చే స్వరం వేరువేరు గదుల్లో, ఒకదాని తర్వాత ఒకటిగా ఉంటాయి. మీరు ఊదినప్పుడు రెండు పక్కలా ఉన్న గదులు పీల్చేవి కాబట్టి అవి మౌనంగా ఉంటాయి. నోరు కాస్త వెడల్పుగా తెరిచినా పక్క స్వరం వచ్చి కలవదు. పది రంధ్రాల వాద్యంలో ఒక్క స్వరాన్ని శుభ్రంగా విడదీయడానికి వారాలు పట్టే పని ఇక్కడ చాలావరకు వాద్యమే చేసిపెడుతుంది.

ట్రెమలో అసలు అందం నాలుకతో తాళం కట్టడంలో ఉంది. నోటిని నాలుగైదు జతల మీద పరచి, ఎడమవైపు గదులను నాలుకతో మూసి, కుడి పెదవి మూల నుంచి పాట వరుసను పలికించాలి. తాళానికి తగ్గట్టు నాలుకను ఎత్తి దింపుతూ ఉంటే, ఎత్తిన ప్రతిసారీ ఎడమవైపు స్వరాల గుచ్ఛం (కార్డ్) పలుకుతుంది. పాటా, పక్కవాద్యమూ ఒక్కరి నోటినుంచే వస్తాయి. జపాన్, చైనా, కొరియా, తైవాన్‌లలో ఈ పద్ధతిని ఎంతో శ్రద్ధగా పెంచి పోషించారు. అక్కడ ట్రెమలో పిల్లల బొమ్మ కాదు, కచేరీ వాద్యం. జపాన్‌లో టొంబో, సుజుకి సంస్థలు దీన్ని చాలా నాణ్యంగా తయారు చేస్తాయి.

లోటు కూడా చెప్పుకోవాలి. సి శ్రుతి ట్రెమలోలో శంకరాభరణ రాగం స్వరాలే ఉంటాయి. అన్య స్వరం ఒక్కటి కావలసి వచ్చినా లేదు. స్వరాన్ని వంచి కిందికి జార్చడం కూడా ఆచరణలో కుదరదు. దీనికి తూర్పు ఆసియా వాద్యకారులు కనిపెట్టిన ఉపాయం చూడముచ్చటగా ఉంటుంది. సి, సి షార్ప్ ట్రెమలోలు రెండింటిని ఒకదానిపై ఒకటి పట్టుకుని, కావలసిన చోట ఒకదాని మీదినుంచి మరొకదాని మీదికి పెదవులు మారుస్తారు. రెండింటి మధ్య పన్నెండు స్వరస్థానాలూ దొరుకుతాయి.

మీకు పాటల వరుసలు వాయించుకోవడమే ఇష్టమైతే, పక్కవాద్యం లేకుండా ఒంటరిగా వాయించినా నిండుగా వినిపించాలనుకుంటే, మొహమాటం లేకుండా ట్రెమలోనే తీసుకోండి. పెద్ద రకానికి వెళ్లాలేమోనన్న సందేహం అక్కర్లేదు.

పది రంధ్రాల డయాటోనిక్: తక్కువ స్వరాలు, ఎక్కువ మాటలు

నేను ఎక్కువగా ఇష్టపడేది ఇదే. కారణం దాని లోపంలోనే ఉంది.

పది రంధ్రాలు, ఇరవై రీడ్లు, పొడవు పది సెంటీమీటర్లకు అటూ ఇటూ. 1857లో జర్మనీలోని ట్రాసింగెన్‌లో మథియాస్ హోనర్ మొదలుపెట్టిన సంస్థ 1896లో మెరైన్ బ్యాండ్ అనే నమూనా తెచ్చింది. అది నేటికీ అమ్ముడవుతూనే ఉంది. దాని స్వరాల అమరికను రిక్టర్ అమరిక అంటారు. సి వాద్యంలో ఊదితే ఎడమనుంచి కుడికి స గ ప, స గ ప, స గ ప, స అని వస్తుంది. పీలిస్తే రి ప ని రి మ ద ని రి మ ద. నాలుగో రంధ్రం నుంచి ఏడో రంధ్రం దాకా సరిగమపదనిస పూర్తిగా ఉంటుంది. కింది స్థాయిలో మాత్రం మధ్యమం, ధైవతం లేవు. వాటి చోట పంచమాన్ని ఇంకోసారి పెట్టారు. ఊదినా పీల్చినా ఎడమవైపు శ్రుతి శుద్ధమైన గుచ్ఛాలు పలకాలన్నది ఆనాటి ఉద్దేశం. జానపద నృత్యాలకు పక్కన వాయించడానికి అది చాలు.

ఆ లేని స్వరాలను ఊపిరితో పుట్టించడమే ఈ వాద్యం కళ. ఒకే గదిలో ఊదే రీడు, పీల్చే రీడు ఎదురెదురుగా ఉంటాయి. మూడో రంధ్రాన్ని తీసుకోండి. ఊదితే పంచమం, పీలిస్తే పై నిషాదం. రెండింటి మధ్య నాలుగు అర్ధస్వరాల, అంటే నాలుగు స్వరస్థానాల మెట్ల, దూరం. పీలుస్తూ నాలుక వెనక భాగాన్ని కొద్దిగా వెనక్కి లాగి, నోటి ఆకారాన్ని ‘ఈ’ నుంచి ‘ఊ’ వైపు మార్చితే నిషాదం కిందికి జారుతుంది. ముందు కైశికి నిషాదం, తర్వాత చతుశ్రుతి ధైవతం, ఆ తర్వాత శుద్ధ ధైవతం. పంచమానికి ఒక్క మెట్టు పైన ఆగిపోతుంది. ఎందుకంటే గదిలో ఎక్కువ శ్రుతి రీడు తక్కువ శ్రుతి రీడు వైపే దిగుతుంది, దానికి ఒక అర్ధస్వరం పై దాకా మాత్రమే. ఏ రంధ్రంలో ఎంత వంపు వస్తుందో ఈ ఒక్క సూత్రంతో తెలిసిపోతుంది. రెండో రంధ్రం పీలిస్తే పంచమం, ఊదితే గాంధారం. మధ్య దూరం మూడు అర్ధస్వరాలు కాబట్టి ప్రతి మధ్యమం, శుద్ధ మధ్యమం రెండూ దొరుకుతాయి. అయిదో రంధ్రంలో గ, మ మధ్య దూరం ఒక్కటే, అందుకే అక్కడ పూర్తి వంపు రాదు. ఒకటి నుంచి ఆరు దాకా పీల్చేటప్పుడు వంగుతాయి. ఎనిమిది నుంచి పది దాకా ఊదేటప్పుడు వంగుతాయి, ఎందుకంటే అక్కడ ఊదే రీడుదే పై శ్రుతి.

మొదట్లో వంపు రాదు. రీడు మూలుగుతుంది లేదా మూగపోతుంది. ఊపిరి బలం పెంచడం చాలామంది చేసే పని, దానివల్ల రీడు పాడవడం తప్ప లాభం లేదు. వంపు బలంతో రాదు, నోటి లోపలి ఆకారంతో వస్తుంది. అది దొరికిన రోజు కలిగే ఆనందం మాత్రం వాయించినవారికే తెలుస్తుంది. స్వరం మీ గొంతులోంచి వస్తున్నట్టే ఉంటుంది. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది జారు గమకమని వెంటనే అర్థమవుతుంది. అయితే వంపు పై నుంచి కిందికే వెళ్తుంది. కిందినుంచి పైకి జార్చాలంటే ముందే వంచి పట్టుకుని, మెల్లగా వదలాలి.

ఇంకో సంపద ఉంది. ఒకే సి వాద్యంతో షడ్జమాన్ని మార్చుకుని రాగం మార్చవచ్చు, అచ్చంగా గ్రహభేదం. సి షడ్జమమైతే శంకరాభరణం. నాలుగో రంధ్రం పీలిస్తే వచ్చే డి ని షడ్జమం చేసుకుని ఎనిమిదో రంధ్రం పీల్చే దాకా వెళితే ఖరహరప్రియ, ఒక్క వంపూ అవసరం లేదు. జి ని పట్టుకుంటే హరికాంభోజి, కింది స్థాయిలో రిషభానికి మాత్రం మూడో రంధ్రాన్ని రెండు అర్ధస్వరాలు వంచాలి. ఎఫ్ నుంచి మేచకల్యాణి, ఎ నుంచి నటభైరవి, ఇ నుంచి హనుమతోడి. పాశ్చాత్య వాద్యకారులు వీటినే పొజిషన్లు అంటారు. అమెరికా బ్లూస్ సంగీతం దాదాపు అంతా జి ని ఆధారం చేసుకునే రెండో పొజిషన్‌లో నడుస్తుంది, ఎందుకంటే అక్కడ ముఖ్యమైన స్వరాలు పీల్చే వైపు, అంటే వంగే వైపు ఉన్నాయి. షికాగోలో లిటిల్ వాల్టర్ ఈ చిన్న వాద్యాన్ని మైక్రోఫోనుతో కలిపి గుప్పిట పట్టి, సాక్సొఫోనుకు దీటుగా నిలబెట్టాడు. 1968లో చనిపోయేనాటికి ఆయన వయసు 37 ఏళ్లు. ఆయన క్రొమాటిక్ కూడా వాయించాడు. ఒకటి వస్తే మరొకటి వదలాలన్న నియమం ఎవరూ పెట్టలేదు.

వంపులకు తోడు, ఊదుతూనే ఆ రంధ్రంలో మామూలుగా లేని పై స్వరాన్ని పలికించే ఓవర్‌బ్లో అనే పద్ధతి ఉంది. దాన్ని ఒక పూర్తి విధానంగా మలిచినవాడు హోవర్డ్ లెవీ. దానితో పది రంధ్రాల మీద పన్నెండు స్వరస్థానాలూ సాధ్యమే. కానీ తిరిగి మొదలుపెట్టేవారు దాని జోలికి ఇప్పుడే వెళ్లనవసరం లేదు. రీడ్లను సన్నగా సరిచేసిన వాద్యం, చాలాకాలం సాధన, రెండూ కావాలి.

కింది స్థాయిలో ధైవతం లేకపోవడం మరీ ఇబ్బందిగా ఉంటే పాడీ రిక్టర్ అనే అమరిక చూడండి. న్యూజిలాండ్‌లో పెరిగిన బ్రెండన్ పవర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మూడో రంధ్రంలో ఊదే పంచమాన్ని ధైవతానికి పెంచుతారు, అంతే. పాట వరుసలు వాయించేవారికి ఇది చాలా హాయి. హార్మోనిక్ మైనర్ అమరికతో వచ్చేవి కూడా ఉన్నాయి. అవి కీరవాణి స్వరాలు. ఆ రాగం పాటలంటే ప్రాణమైతే ఒకటి దగ్గర ఉంచుకోవచ్చు.

క్రొమాటిక్: అన్నీ ఉన్నాయి, అదే పరీక్ష

కుడిచివర బటన్ ఉన్నది క్రొమాటిక్. బటన్ వదిలితే సి వాద్యం, నొక్కితే ప్రతి స్వరం అర్ధస్వరం పైకి. 12 రంధ్రాల దానిలో 48 రీడ్లు, మూడు స్థాయిలు. 16 రంధ్రాల దానిలో 64 రీడ్లు, నాలుగు స్థాయిలు. అమరిక ప్రతి స్థాయిలోనూ ఒకేలా ఉంటుంది. ఊదితే స గ ప స, పీలిస్తే రి మ ద ని. డయాటోనిక్‌లాగా ఏడో రంధ్రం దగ్గర వరుస తలకిందులవ్వదు, కింది స్థాయిలో స్వరాలు మాయం కావు. ఒక స్థాయిలో నేర్చుకున్నది మిగతా స్థాయిల్లోనూ అలాగే పలుకుతుంది.

లారీ ఆడ్లర్ దీన్ని సింఫనీ వేదికకు ఎక్కించాడు. ఆయన కోసం 1951లో రాల్ఫ్ వాన్ విలియమ్స్ హార్మోనికాకు (మౌత్ ఆర్గాన్‌కే ఇంకో పేరు), తీగ వాద్యాల బృందానికి కలిపి ఒక రచన చేశాడు. బెల్జియంలో పుట్టిన టూట్స్ థీల్‌మాన్స్ జాజ్‌లో దీనికి ఎంతో లాలిత్యం తెచ్చాడు. స్టీవీ వండర్ వాయించేది కూడా ఇదే. వాళ్ల వాయిద్యం వింటే క్రొమాటిక్ గుండ్రంగా, నిబ్బరంగా పలుకుతుందని తెలుస్తుంది. డయాటోనిక్‌లోని ఆ కోరిక, కీచు, ఏడుపు దీనిలో వెతక్కండి. స్వరాన్ని కొద్దిగా వంచవచ్చు, కానీ గదిలో రెండు రీడ్లు కలిసి చేసే ఆ పని ఇక్కడ జరగదు. రీడ్ల వెనక సన్నని ప్లాస్టిక్ వాల్వులు గాలి వృథా కాకుండా అడ్డుకుంటాయి కాబట్టి ఒక్క రీడే ఒంటరిగా వంగుతుంది, నాదం అంత పదునుగా ఉండదు.

ఆ వాల్వులే మొదటి రోజుల్లో విసిగిస్తాయి. ఊపిరిలోని తేమ చల్లని లోహం మీద చేరి వాల్వులు అతుక్కుంటాయి, స్వరం ఆలస్యంగా పలుకుతుంది లేదా టక్కుమంటుంది. దీనికి మందు తేలిక. వాయించే ముందు వాద్యాన్ని కాసేపు చేతుల్లో వెచ్చబరచాలి. తీపి పదార్థం తిన్న నోటితో వాయిస్తే, బటన్ నొక్కితే కదిలే పలక, అంటే స్లయిడ్, జిగటగా మారి ఇరుక్కుంటుంది. నోరు పుక్కిలించి మొదలుపెట్టడం క్రొమాటిక్‌కు నియమంలా పాటించండి.

ధర విషయంలోనూ ఇది మిగతా రెండింటికంటే బాగా పైన ఉంటుంది. మరీ చవకగా దొరికే క్రొమాటిక్‌ను నేను ఎవరికీ సూచించను. స్లయిడ్ దగ్గర గాలి కారితే అందులో ఎంత ఊదినా స్వరం బలంగా రాదు, లోపం తనదేనని వాయించేవారు నిరాశ పడతారు. కొంతకాలం ఆగి, నమ్మకమైన తయారీదారు నుంచి తీసుకోవడమే మేలు.

ఒకే పరీక్ష మూడింటికీ

పోలిక గాల్లో మాటలు కాకుండా ఉండాలంటే ఒక రాగం తీసుకుందాం. సంగీతం నేర్చుకునేవారు సరళీ వరుసలు మొదలుపెట్టే మాయామాళవగౌళ. శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం.

సి ట్రెమలోలో ఇది కుదరదు. శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం అందులో లేవు. సి షార్ప్ ట్రెమలో జతచేస్తే వస్తాయి, కానీ నెమ్మదిగానే.

క్రొమాటిక్‌లో ఏ ఇబ్బందీ లేదు. స ఊది, బటన్ నొక్కి అక్కడే మళ్లీ ఊదితే శుద్ధ రిషభం. గ ఊది, మ పీల్చి, ప ఊది, అదే పంచమం దగ్గర బటన్ నొక్కితే శుద్ధ ధైవతం. తర్వాత ని పీల్చాలి. శ్రుతి తప్పదు, వేగం పెంచవచ్చు.

డయాటోనిక్‌లో నాలుగో రంధ్రం ఊదితే స. అదే రంధ్రం పీల్చి ఒక అర్ధస్వరం వంచితే శుద్ధ రిషభం. అయిదు ఊదితే గ, పీలిస్తే మ. ఆరు ఊదితే ప. ఆరు పీల్చి వంచితే శుద్ధ ధైవతం. ఏడు పీలిస్తే ని, ఊదితే పై స. మొత్తం రాగం ఆ నాలుగు రంధ్రాల్లోనే, రెండే వంపులతో పూర్తయింది. వంచిన స్వరాన్ని శ్రుతి మీద నిలబెట్టడం కష్టమే, వేగంగా వాయించడం ఇంకా కష్టం. కానీ ఆ రిషభం పై నుంచి దిగి షడ్జమాన్ని తాకే తీరు క్రొమాటిక్ బటన్ ఎంత నొక్కినా రాదు. బటన్ ఒక స్వరస్థానం నుంచి ఇంకొక స్థానానికి దూకుతుంది. వంపు ఆ రెంటి మధ్య ఉన్న దారినంతా వినిపిస్తూ వెళ్తుంది.

నాకు ఈ ఒక్క పరీక్ష చాలు. స్వరాల కచ్చితత్వం కావాలంటే క్రొమాటిక్, స్వరాల మధ్య దారి కావాలంటే డయాటోనిక్. ఇవి రెండూ కాకుండా సామాన్యమైన వరుసకు నిండుదనం కావాలంటే ట్రెమలో.

మిగతా రకాల గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ఆక్టేవ్ వాద్యం చూడటానికి ట్రెమలోలాగే ఉంటుంది, కానీ జతలోని రెండు రీడ్లు ఒక స్థాయి ఎడంగా పలుకుతాయి. వణుకు ఉండదు, గంభీరంగా ఉంటుంది. కార్డ్ హార్మోనికా, బాస్ హార్మోనికా బృందంలో వాయించేవారికే. నలభై ఎనిమిది గుచ్ఛాల కార్డ్ వాద్యం అర మీటరు దాటుతుంది. జెర్రీ మురాడ్ నడిపిన హార్మోనికాట్స్ త్రయంలో క్రొమాటిక్ పాట నడిపిస్తే, కార్డ్, బాస్ వాద్యాలు మద్దతు ఇచ్చేవి. మరీ బుల్లివి కూడా ఉన్నాయి. నాలుగు రంధ్రాల లిటిల్ లేడీని 1965 డిసెంబరులో జెమిని 6 నౌకలో వాలీ షిరా అంతరిక్షంలో వాయించాడు. అది ముచ్చటగా ఉంటుంది, కానీ నేర్చుకోవడానికి ఒక స్థాయి సరిపోదు.

ఏ శ్రుతి, ఏ తయారీ

పది రంధ్రాల వాద్యం కొనేటప్పుడు శ్రుతి ఎంచుకోవాలి. సాధారణ శ్రేణిలో జి అన్నిటికంటే కిందిది, ఎఫ్ షార్ప్ అన్నిటికంటే పైది. పాఠాలు ఎక్కువగా సి కి దొరుకుతాయి కాబట్టి మొదటిది సి ఉండటం సుఖం. కింది శ్రుతి వాద్యాల రీడ్లు నిదానంగా స్పందిస్తాయి, మెత్తని ఊపిరి అడుగుతాయి. పై శ్రుతి వాటిలో వంపు మరీ సన్నని చోట ఉంటుంది, కొత్తవారికి చిక్కదు. పాటకు తోడుగా వాయించాలనుకుంటే పాడేవారి శ్రుతి చూడాలి. ఒకటో శ్రుతికి సి, రెండుకు డి, అయిదుకు జి, ఆరుకు ఎ. క్రొమాటిక్ కొనేవారికి ఈ చింత లేదు, సి తీసుకోవాలి, అంతే.

లోపలి చట్రాన్ని కోంబ్ అంటారు. అది కర్ర, ప్లాస్టిక్ లేదా లోహం. కర్ర కోంబ్ నాదం మృదువుగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. నా చెవికి తేడా నాదంలో కంటే పెదవుల మీద, వాడకంలో ఎక్కువ తెలుస్తుంది. పూత లేని కర్ర తేమకు ఉబ్బుతుంది, అంచులు పెదవులకు గుచ్చుకుంటాయి. మేకులతో బిగించిన వాద్యాన్ని విప్పి శుభ్రం చేయడం కష్టం. మరలతో బిగించిన ప్లాస్టిక్ కోంబ్ వాద్యం తిరిగి మొదలుపెట్టేవారికి అనుకూలం. రీడ్ల పలకలు విడిగా కొని మార్చుకోగలిగితే మరీ మంచిది.

ఇంకో సూక్ష్మం ఉంది. కొన్ని వాద్యాలను గుచ్ఛాలు తీయగా కలిసేలా శ్రుతి చేస్తారు, అందులో గాంధారం సమశ్రుతి పద్ధతి కంటే సుమారు 14 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) కిందికి ఉంటుంది. మరికొన్నింటిలో అన్ని అర్ధస్వరాలూ సమానం. గుచ్ఛాలు పట్టి వాయించేవారికి మొదటిది హాయి. కీబోర్డుతో, గిటారుతో కలిసి ఒక్కో స్వరం వాయించేవారికి రెండోది నయం. తయారీదారులు ఈ వివరం ఇస్తారు, కొనేముందు చదవండి.

జర్మనీలోని క్లింగెంథాల్‌లో 1847 నుంచి ఉన్న జైడెల్, ట్రాసింగెన్‌కు చెందిన హోనర్, జపాన్‌కు చెందిన సుజుకి, టొంబో, ఈ నాలుగు పేర్లు గుర్తుంటే చాలు. జైడెల్ కొన్ని నమూనాల్లో ఇత్తడికి బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ రీడ్లు వాడుతుంది, అవి ఎక్కువకాలం మన్నుతాయి. బొమ్మల దుకాణంలో దొరికేవి పిల్లలకు కూడా కొనకండి. గాలి కారే వాద్యం మీద ఊపిరి వృథా అయిన పిల్లలు తమకు సంగీతం రాదనుకుంటారు.

వాద్యం చేతికి రాగానే ప్రతి రంధ్రాన్నీ మెల్లగా ఊది, మెల్లగా పీల్చి చూడండి. మంచి రీడు చిన్న ఊపిరికే పలుకుతుంది. బలంగా ఊదితే తప్ప పలకని రంధ్రం ఏదైనా ఉంటే మార్చమని అడగండి. ఒక మినహాయింపు ఉంది. డయాటోనిక్‌లో రెండో రంధ్రం పీల్చడం కొత్తవారికి మొదట్లో మూగగా ఉంటుంది. అది దాదాపు ఎప్పుడూ వాద్యం లోపం కాదు. నోరు తెలియకుండానే వంపు ఆకారంలో ఉండటం వల్ల వస్తుంది. దవడ వదులు చేసి, ఆవులింతలో గొంతు తెరిచినంత తెరిస్తే పలుకుతుంది.

సొరుగులోని పాతది పనికొస్తుందా?

తరచు పనికొస్తుంది. ముందు బయటి దుమ్ము తుడిచి, రంధ్రాలు అరచేతి వైపు ఉండేలా పట్టి తట్టండి. ప్లాస్టిక్ కోంబ్ అయితే మరలు విప్పి, గోరువెచ్చని నీటితో కడిగి, పూర్తిగా ఆరనివ్వవచ్చు. కర్ర కోంబ్‌ను మాత్రం నీటిలో ముంచకండి. తర్వాత ఒక్కో స్వరం విని చూడండి. లోహం అలసిన రీడు ముందు శ్రుతి దిగుతుంది, ఆ తర్వాత ఒకరోజు విరుగుతుంది. ఒకటి రెండు స్వరాలు దిగితే సాధనకు వాడుకోవచ్చు, అరడజను దిగితే చెవి పాడవుతుంది, కొత్తది కొనుక్కోండి. ట్రెమలో విషయంలో జతలో ఒక్క రీడు దిగినా వణుకు వేగం వికారంగా మారిపోతుంది. ఆ స్వరం దగ్గర కింది వరుసకు చిన్న కాగితం ముక్క అడ్డుపెడితే పై రీడు ఒక్కటే పలుకుతుంది. ఏ రీడు దిగిందో అలా తేలిపోతుంది.

మళ్లీ మొదలుపెట్టినవారిలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు బుగ్గలతో ఊదడం. ఊపిరి పొట్ట నుంచి రావాలి, బుగ్గలు కదలకూడదు, వాద్యం నోట్లోకి బాగా లోపలికి ఉండాలి. మొదటి వారం పాటల జోలికి వెళ్లకుండా, పది రంధ్రాల దానిలో నాలుగో రంధ్రం ఒక్కటే నాలుగు మాత్రలు ఊది, నాలుగు మాత్రలు పీల్చండి. నాదం అటూ ఇటూ ఒకే బలంతో ఉంటే ముందుకు వెళ్లవచ్చు.

మొదటి వాద్యంతో కొన్ని నెలలు గడిపాక రెండోది కొనాలనిపిస్తుంది. అప్పుడు అదే రకంలో ఇంకో శ్రుతి కొనడం కంటే వేరే రకం కొనమంటాను. ట్రెమలో వాయించేవారు సి డయాటోనిక్ తీసుకుని మూడో రంధ్రం మీద వంపు ప్రయత్నించాలి. డయాటోనిక్ వాయించేవారు ట్రెమలో తీసుకుని నాలుకతో తాళం నేర్చుకోవాలి, అది తిరిగి డయాటోనిక్ మీద కూడా పనికొస్తుంది. క్రొమాటిక్‌తో మొదలైనవారికి మాత్రం డయాటోనిక్ తప్పనిసరి అంటాను. బటన్ మీద ఆధారపడ్డ చెవికి స్వరాల మధ్య దారి అప్పుడే తెలుస్తుంది.